నాన్న ఎడమ చెయ్యి

చొక్కా ఎడమ చెయ్యి పట్టడం లేదని నాన్న అన్నప్పుడు నేను ఫోన్లోంచి తలెత్తకుండానే "నీళ్లు ఎక్కువ తాగుంటావ్" అన్నాను. డయాలసిస్ నడిచే ఇంట్లో ప్రతి వాపుకీ అదే సమాధానం. లేదంటే ఉప్పు. అమ్మ ఆ వారం చారు కూడా చప్పగా పెట్టింది. చెయ్యి మాత్రం తగ్గలేదు.

నీళ్లవల్ల అయితే కాళ్లు రెండూ ఉబ్బాలి. నాన్నకి ఉబ్బింది ఫిస్టులా ఉన్న ఆ ఒక్క చెయ్యే. భుజం మీద, ఛాతీ మీద నీలం నరాలు తేలాయి. సూదులు తీశాక పది నిమిషాల్లో ఆగే రక్తం అరగంటకీ ఆగట్లేదు. మెషిన్ మీద వీనస్ ప్రెషర్ అలారం ఒకటే మోత. ముందు అనుమానం వచ్చింది డయాలసిస్ టెక్నీషియన్‌కే. "సార్‌కి ఇదివరకు ఈ పక్క పైపు వేశారా?"

వేశారు. రెండేళ్ల కిందట అర్జెంటుగా డయాలసిస్ మొదలుపెట్టాల్సొస్తే, ఎడమ కాలర్ ఎముక కింద. ఫిస్టులా ముందే చేయించుకోమని డాక్టర్ చెప్పారు. అది సూదులకి సిద్ధమవడానికి వారాలు పడుతుంది మరి. "అంతదాకా రాదులే" అని వాయిదా వేసింది మేమే. ఆ పైపు ఒరుసుకున్న చోట పెద్ద సిర గోడ మందమై, దారి సన్నబడిందట. తర్వాత అదే చేతికి ఫిస్టులా పెట్టారు. ధమని రక్తం నేరుగా సిరలోకి దూకుతుంది కదా, వరద వదిలి తూము మూసినట్టయింది.

తూము తెరుచుకోకపోతే ఫిస్టులా మూసేయాల్సి రావచ్చన్నారు. అంటే మళ్లీ పైపు, మళ్లీ కుడిచేతికి మొదట్నుంచీ.

ఛాతీ కోస్తారేమోనని అమ్మ వణికిపోయింది. కోయలేదు. చేతికి మాత్రం మత్తిచ్చి, ఫిస్టులాలోంచే సన్నటి వైరు పంపారు. డై ఎక్కించి, తెర మీద చూస్తూ, సన్నబడిన చోట బెలూన్ ఉబ్బించారు. సాగిన సిర వెంటనే మళ్లీ ముడుచుకుంటే స్టెంట్ పెడతారట, నాన్నకి అవసరం పడలేదు. "లోపల ఎవడో మోకాలు పెట్టి నొక్కినట్టుందిరా" అన్నాడు బయటికొచ్చాక.

వారం తిరక్కుండా పాత చొక్కా పట్టింది. అయితే ఇది మళ్లీ సన్నబడుతుంది, కొన్ని నెలల్లోనే బెలూన్ మళ్లీ అవసరం కావచ్చని డాక్టర్ దాచకుండా చెప్పారు. అందుకే ప్రతి ఆదివారం అమ్మ కుట్టుమిషన్ టేపుతో నాన్న చెయ్యి కొలిచి ఫోన్లో రాసుకుంటున్నాను. పోయిన వారం 29 సెంటీమీటర్లు. ఇవాళ 29న్నర. టేపు వదులుగా పట్టానేమోనని మళ్లీ కొలిచాను.