తొమ్మిది దాటాక లంబసింగి

సీఓపీడీ (శ్వాసనాళాలు ఇరుకై ఆయాసం తెచ్చే దీర్ఘకాలిక జబ్బు) ఉన్న మనిషిని జనవరిలో లంబసింగి వెళ్తానంటే ఇంట్లో సరేనన్నది మా ఆయన ఒక్కరే. ఆయనకీ మేఘాలు చూడాలని ఉంది మరి. పిల్లలు ఫోన్లోనే దెబ్బలాడారు. "విశాఖ చలికే రాత్రంతా లేచి కూర్చుంటావు, మన్యం చలికి ఆగుతావా అమ్మా?" అని అమ్మాయి. డాక్టరుగారు మాత్రం ఊపిరి పరీక్ష చేసి, పాత రిపోర్టు పక్కన పెట్టుకుని చూసి, వెళ్లొద్దనలేదు. "వెయ్యి మీటర్ల ఎత్తు. గాలి పీడనం పదో వంతు తగ్గుతుంది, దానికి మీరు తట్టుకుంటారు. చలికి బట్టలున్నాయి. పొగకే ఏమీ లేదు, దాన్ని చూసుకోండి" అన్నారు. ఆక్సిజన్ 90 కిందికి దిగి, మందు పీల్చినా పైకి రాకపోతే మరి ఆలోచించకుండా కొండ దిగిపోవాలన్నది ఆయన పెట్టిన షరతు.

నా జబ్బు పేరు చెప్పగానే అందరూ ముందు మా ఆయన వంక చూస్తారు, ఈయన సిగరెట్లే తెచ్చిపెట్టాయేమోనని. ఆయనకి ఆ అలవాటు లేదు. నాది పొయ్యి పొగ. కట్టెలు, ఊక, వానాకాలంలో తడిసిన పిడకలు. అమ్మ పక్కన కూర్చుని ఊదుగొట్టంతో ఊదిన బాల్యం, పెళ్లయ్యాక గ్యాసు వచ్చేదాకా అదే వంటిల్లు. మన దేశంలో చుట్టా బీడీ ముట్టకుండానే ఈ జబ్బు తెచ్చుకున్న ఆడవాళ్లు నాలాంటివాళ్లు ఎందరో.

అనకాపల్లి మీదుగా నర్సీపట్నం చేరేసరికి మధ్యాహ్నం. అక్కడ భోజనం చేసి ఏరియా ఆసుపత్రి ఎటువైపో కనుక్కుని ఉంచుకున్నాం. పైన ఏదైనా అయితే సుమారు 30 కిలోమీటర్లు ఘాట్ దిగి రావాల్సింది ఇక్కడికే. డ్రైవరు కుర్రాడు నవ్వాడు. "అందరూ టీ కొట్టు అడుగుతారమ్మా, మీరేటి ఆస్పత్రి అడుగుతున్నారు?" చెప్పాను. ఆ తరవాత ఘాట్ రోడ్డు పొడుగునా అద్దం దించలేదు పాపం, ముందు లారీ ఉంటే దూరంగా ఆగి, అది మలుపు తిరిగాకే కదిలాడు.

ఇది అల్లూరి సీతారామరాజు తిరిగిన అడవి. 1922 ఆగస్టు 22న ఆయన దళం తుపాకులు పట్టుకుపోయిన పోలీస్ స్టేషను లంబసింగికి అవతలున్న చింతపల్లిలోదే. జిల్లాకి 2022 నుంచి ఆయన పేరే. చలికాలంలో మనం పేపర్లో చూసే చింతపల్లి చలి అంకెలు అక్కడి వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైనవి. మా ఆయన ఆ అంకెలు చదివి వణకడం ఇంట్లోనే మొదలుపెట్టారు.

లంబసింగి లాడ్జిలో ఇచ్చిన మొదటి గది తలుపు తీయగానే ముక్కు చెప్పేసింది. గోడ మూల నల్లగా బూజు, ఎండ తగలని రగ్గుల్లో ముక్క వాసన. నాలాంటివాళ్లకి బయటి మంచు కన్నా ఈ గది ప్రమాదం. తడిసిన గోడ మీది బూజు రేణువులు, రగ్గుల్లోని సన్నని పురుగుల రెట్టలు రాత్రంతా ఛాతీలోకి పోతూనే ఉంటాయి. గది మార్చమన్నాను. లాడ్జి కుర్రాడు "అన్నీ ఒకటే మేడమ్" అన్నాడు కానీ, మేడ మీద పడమటి ఎండ పడే గది ఒకటి ఉంది, గోడ పొడిగా ఉంది. మా దుప్పట్లు మేం పరుచుకున్నాం. సాయంత్రం ఎండ ఉండగానే కిటికీ కాసేపు తెరిచి, మళ్లీ బిగించేశాం.

తెల్లవారుజామున నాలుగింటికే ఊరంతా లేచింది. చెరువులవేనం కొండ మీంచి మేఘాల సముద్రం చూడాలంటే సూర్యుడు రాకముందే అక్కడుండాలి. కార్ల హారన్లు, పాటలు, రోడ్డు వారన వరసగా చలిమంటలు. మా ఆయన మంకీ క్యాపు, మఫ్లరు, దాని మీద నా శాలువా కూడా చుట్టుకుని బయల్దేరారు. నేను కిటికీ అద్దంలోంచే చూశాను. ఒక మంటలో ఎవరో పేపరు ప్లేట్లు, నీళ్ల సీసాలు వేస్తున్నారు. ఆ పొగ పైకి పోవడం లేదు. మనిషి ఎత్తు దాకా లేచి, అక్కడ ఆగి, పక్కకి పరుచుకుంటోంది.

అలా ఎందుకు ఆగుతుందంటే, రాత్రి నేల చల్లబడి దాన్ని ఆనుకున్న గాలీ చల్లబడుతుంది. చల్లగాలి బరువు, అది కొండల మధ్య పల్లంలోకి జారి నిలబడిపోతుంది. దాని మీద వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. పల్లంలో పుట్టిన పొగంతా ఆ మూత కిందే ఉండాలి. పర్యాటకులు కేరింతలు కొట్టే మంచుకీ నా ఊపిరి బిగించే పొగకీ పుట్టుక ఒకటే. ఎండ కాసి నేల వేడెక్కితే రెండూ కలిసే పోతాయి.

ఇంకో మాట. మంచులో తడి ఉంది కదా, గొంతుకి మంచిదేగా అంటారు చాలామంది. కాదు. మన ఊపిరితిత్తుల్లోకి చేరే గాలి ఘనమీటరుకి సుమారు 44 గ్రాముల నీటి ఆవిరితో వెళ్లాలి. 5 డిగ్రీల చలిలో, ఎదుటి మనిషి కనపడనంత మంచులో కూడా, గాలిలో ఉండే ఆవిరి 7 గ్రాములు దాటదు. మిగతాదంతా మన ముక్కు, గొంతు, శ్వాసనాళాలే ఇచ్చుకోవాలి. అవి ఎండిపోయి బిగుసుకుంటాయి, కఫం చిక్కబడుతుంది, పిల్లికూతలు మొదలవుతాయి. అందుకే బయటికి వెళ్తే ముక్కుతోనే పీల్చాలి, ముక్కూ నోరూ కప్పి పలచని గుడ్డ కట్టుకోవాలి. మనం వదిలిన తడే మళ్లీ మనకి దక్కుతుంది. ఆయాసంతో నోరు తెరిచామా, ఆ చలి నేరుగా లోపలికే.

ఇన్‌హేలరు రాత్రంతా దిండు కింద పెట్టుకున్నాను. డబ్బా బాగా చల్లబడితే మందు సరిగ్గా రాదు, అరచేతుల్లో కాసేపు వెచ్చబరచుకోవాలి. వేలి ఆక్సీమీటరు ఇంకా పెంకి. వేళ్లు గడ్డకట్టి ఉంటే ఉన్నదాని కన్నా తక్కువ చూపించి గుండెలు అదరగొడుతుంది. వేడి టీ గ్లాసు పట్టుకుని, చేతులు రుద్దుకుని, అప్పుడు పెట్టాలి. 94 వచ్చింది.

తొమ్మిదిన్నరకి బయటికి వచ్చాను. ఆకాశం నీలంగా ఉంది. మంటలన్నీ బూడిదయ్యాయి, జనం సగం మంది వెళ్లిపోయారు. మేఘాలు దొరకలేదని నాకేం బాధ లేదు, మా ఆయన ఫోన్లో బోలెడున్నాయి. దారి పక్క కాఫీ తోటల్లో మిరియాల తీగలు, ఆ పైన స్ట్రాబెర్రీ మడులు. ఒక ఇంటి ముందు కాఫీ గింజలు ఆరబోసి ఉంటే ఆగాం. ఇంటావిడ లోపలికి రమ్మంది. గుమ్మంలోనే ఆగిపోయాను. లోపల పొయ్యి మండుతోంది, చూరు నల్లగా మెరుస్తోంది. మూల గ్యాసు సిలిండరు ఉంది, దాని మీద గుడ్డ కప్పి ఉంది.

"గ్యాసు వాడవా అమ్మా?"

"టీకి వాడతాం. సలికి పొయ్యే కదమ్మా ఒళ్లు కాసేది. పిల్లలు దాని సుట్టూనే తొంగుంటారు."

ఆమె దగ్గు నాకు బాగా తెలిసిన దగ్గు. దీపం పథకం 1999లో వచ్చింది, ఉజ్వల 2016లో, ఇప్పుడు ఏడాదికి 3 సిలిండర్లు ఉచితం కూడా. వాటితో అన్నం ఉడుకుతుంది, ఇల్లు వెచ్చబడదు. మన్యంలో పొయ్యి వంటకే కాదు, చలికి కూడా. పొగగొట్టం ఉన్న పొయ్యి గురించి ఈ పథకాలు రాసేవాళ్లు ఎందుకు ఆలోచించరో నాకు అర్థం కాదు. ఆమె కాఫీ బయటికే తెచ్చి ఇచ్చింది, ఎండలో తాగాం.

మధ్యాహ్నం తాజంగి జలాశయం. గట్టు ఎక్కేటప్పుడు ఆయాసం వచ్చింది. రెండు అంగలకి ముక్కుతో పీల్చడం, నాలుగు అంగలకి పెదవులు సున్నాలా చుట్టి మెల్లిగా ఊదడం. ఫిజియోథెరపీ అమ్మాయి దీన్ని నేర్పినప్పుడు నాకు నవ్వొచ్చింది. అచ్చం ఊదుగొట్టం ఊదినట్టే. ఏ ఊదుడుతో జబ్బు తెచ్చుకున్నానో ఆ ఊదుడే ఇప్పుడు గట్టు ఎక్కిస్తోంది. నీళ్ల దగ్గర చాలాసేపు కూర్చున్నాం. ఎండ మెత్తగా ఉంది. నాలుగు కాకముందే గదికి వచ్చేశాం, మళ్లీ మంటలు వెయ్యకముందే.

నాలాంటి ఛాతీ ఉన్నవాళ్లు మన్యం వెళ్లకూడదని ఎవరన్నా వినకండి, కానీ మీ డాక్టరు సరేనన్నాకే వెళ్లండి. ఫ్లూ టీకా ఆ ఏడాదిది వేయించుకునే బయల్దేరండి. శని ఆదివారాలు మానుకోండి, మంటలు ఎక్కువ. ఊరు మీకు తొమ్మిదికి తెరుచుకుని నాలుగుకి మూసుకుంటుంది అనుకోండి. గది మాట్లాడుకునేటప్పుడు వేడినీళ్లు ఉన్నాయా అని తరవాత అడగొచ్చు. ముందు గోడ పొడిగా ఉందా, కిటికీ కింద చలిమంట వేస్తారా అని అడగండి.