చిప్పు కాలితే కాలనీ!

సామర్లకోటలోని ఆ ఇంటి డాబా మీద ట్యాంకు పొర్లితే వీధంతటికీ తెలిసిపోతుంది. నీళ్లు జారి తులసికోట ముందు మడుగు కడతాయి. ‘ఒరేయ్, మోటారు కట్టండ్రా’ అని అమ్మ కేక! ఇంజినీరింగ్ చదివే కొడుక్కి ఆ కేకే ప్రాజెక్టు అయింది. ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగాలి.

అందుకు కావాల్సింది మైక్రోకంట్రోలర్. పేరు పెద్దదే కానీ, ఒక్క చిప్పులో ఇమిడిపోయిన బుల్లి కంప్యూటర్ అది. వాషింగ్ మెషీన్‌లో బట్టలు ఎంతసేపు తిరగాలో చూసుకునేది అదే. అబ్బాయి ఐదొందల లోపే ఓ ఆర్డుయినో తరహా బోర్డు తెప్పించుకున్నాడు.

అతని మేనమామకు స్టేషన్ దగ్గర టీవీలు బాగుచేసే కొట్టుంది. 1990లలో డిప్లొమా చదివేటప్పుడు ఆయనా ఈ చిప్పులతో కుస్తీ పట్టినవాడే. ఇంటెల్ 1980లో తెచ్చిన 8051 కుటుంబానివి అవి. ప్రోగ్రామ్ మాత్రం పక్కనుండే ఈప్రామ్ చిప్పులో ఉండేది. ఒక్క అంకె తప్పు పడిందా... దాన్ని ఊడదీసి, అతినీలలోహిత దీపమున్న పెట్టెలో పెట్టి పావుగంటో, ఇరవై నిమిషాలో ఆగాలి. చెరిగాక ఇంకో యంత్రంలో పెట్టి మళ్లీ రాయాలి. అలా రాయడాన్ని ‘బర్న్ చేయడం’ అనేవారు. ల్యాబ్ మొత్తానికీ యంత్రం ఒక్కటే. తన వంతు వచ్చిన రోజు ఆయన చిప్పును తిరగేసి పెట్టాడు. నిజంగానే బర్నయింది! కొత్తది కొనిపెట్టమని ఇంట్లో అడగలేకపోయాడు. పక్కవాడిది చూసి ప్రాజెక్టు రాసిచ్చేశాడు. మళ్లీ వాటి జోలికి పోలేదు.

ఆ తర్వాతే రోజులు మారాయి. 1993లో అట్మెల్ కంపెనీ, కరెంటుతోనే చెరిపి తిరిగి రాసుకోగల మెమరీని 8051 చిప్పులోనే అమర్చింది. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో మాసిమో బాంజీ బృందం విద్యార్థుల కోసం ఆర్డుయినో తయారుచేసింది. ఆ నమూనాతో ఎవరైనా బోర్డు చేసుకోవచ్చన్నారు. దాంతో ధర దిగింది. ఇప్పుడు యూఎస్‌బీ వైరు తగిలిస్తే చాలు, సెకన్లలో ప్రోగ్రామ్ ఎక్కుతుంది. సాఫ్ట్‌వేరూ ఉచితమే. 2021లో వచ్చినప్పుడు రాస్ప్‌బెర్రీ పై పికో ధర నాలుగంటే నాలుగు డాలర్లు!

అయినా అబ్బాయి బోర్డు మూడో రోజే మొరాయించింది. రిలేను నేరుగా చిప్పు కాలికి కలిపేశాడు మరి. ఆ కాలు నలభై మిల్లీ ఆంపియర్లకు మించి తట్టుకోలేదు. రిలేకేమో డెబ్భై దాకా కావాలి.

‘‘మధ్యలో ట్రాన్సిస్టర్ ఏదిరా? డయోడ్ ఏది?’’ అన్నాడు మేనమామ.

‘‘పెట్టలేదు మావయ్యా. ఫర్వాలేదు, ఇంకో కాలు వాడతాలే’’ అన్నాడు కుర్రాడు నవ్వుతూ.

ఆ ‘ఫర్వాలేదు’ దగ్గరే మేనమామ ఆగిపోయాడు. తన రోజుల్లో ఆ మాట అనగలిగే వీలు లేదు. చవక పరికరం ఇచ్చింది అదే... తప్పు చేసి నవ్వుకోగల ధైర్యం. అయితే ఓ హద్దూ గీశాడాయన. ‘‘అయిదు వోల్టుల దగ్గర ఎన్ని తప్పులైనా చెయ్యి. మోటారుకొచ్చే 230 వోల్టుల దగ్గర ఒక్కటీ వద్దు.’’ ఆ కనెక్షన్ మాత్రం ఎలక్ట్రీషియన్‌తోనే ఇప్పించాడు.

ఇప్పుడు ట్యాంకు పొర్లడం లేదు. అమ్మ కేకా లేదు. మొన్నోరోజు కొట్టు కట్టేసి ఇంటికొచ్చిన మేనమామ, చెల్లెలు వినకుండా మేనల్లుడి చేతిలో ఐదొందల నోటు పెట్టాడు.

‘‘అలాంటి బోర్డు ఇంకోటి తెప్పించరా.’’

‘‘ఎవరికి మావయ్యా?’’

‘‘నాకే!’’