ఆరనివ్వని గోడ

ఇల్లు కట్టి చూడమన్న పెద్దలు, కట్టిన ఇంటిని కాపాడి చూడమని ఎందుకో చెప్పలేదు. గోదావరి డెల్టాలోని ఒక పల్లెలో ఆ మాట చెప్పింది ఒక పాత ఇంటి పడమటి గోడ.

ఆ ఇంటి యజమాని విశ్రాంత ఉపాధ్యాయుడు. తాతగారి నాడు ఇటుకతో, గానుగ సున్నంతో కట్టిన ఇల్లది. నైరుతి జల్లులను, కార్తీకపు తుఫానులను తరతరాలుగా భరించింది. పెంకుల చూరు గోడకు గొడుగు పట్టేది. ఏటా సంక్రాంతికి వెల్ల వేసేవారు.

పట్నంలోని కుమారుడు శ్రద్ధతో సొమ్ము పంపి, ఆ గోడకు వెలుపల సిమెంటు పూత, దానిపై నీరు చొరని రంగు వేయించాడు. మూడో వర్షాకాలానికి రంగు బొబ్బలెక్కింది. లోపలివైపు ఉప్పు తెల్లగా పొంగింది. ఇల్లు పడగొట్టి కొత్తది కడదామన్నాడు కుమారుడు. భార్య పోయాక, ఆమె తిరిగిన ఇంటిని కూడా పోగొట్టుకోవడానికి మాస్టారికి మనసొప్పలేదు.

కబురందుకుని వచ్చిన వృద్ధ తాపీ మేస్త్రీ గోడను తట్టి చూశాడు. గుల్ల శబ్దం వచ్చింది.

"మాస్టారూ, ఇది తడిసిన జబ్బు కాదండీ, ఆరలేని జబ్బు" అన్నాడు.

సున్నపు గోడ వానకు తడుస్తుంది, ఎండకు ఆరుతుంది. గట్టిదైన సిమెంటు పూత దానితో పాటు కదలలేక వెంట్రుకవాసి బీటలిస్తుంది. నీరు వాటిలోంచి చొరబడుతుంది. తిరిగి వెలుపలికి పోయే దారి ఉండదు. ఆ తడి లోపలివైపు ఆరుతూ ఉప్పును వదిలిపోతుంది. ఆ ఉప్పు గడ్డకట్టి ఇటుకను పిండి చేస్తుంది. తప్పు సిమెంటుది కాదు. సిమెంటు గోడకు అది తగినదే. పాత గోడకు మాత్రం దాని స్వభావమెరిగిన పూత కావాలి.

సిమెంటు పెళ్ళగించి, వేసవి అంతా గోడను ఆరనిచ్చారు. పగిలిన చూరు పెంకులు మార్చారు. గోడ మొదట పేరుకున్న మట్టిని తీసి, వాననీరు ఇంటికి దూరంగా పారేలా వాలు కల్పించారు. ఆపైన సున్నం, ఇసుక కలిపి పూసి, తడి గోనెలు కప్పి నెమ్మదిగా గట్టిపడనిచ్చారు.

ఆ ఏటి ముసురులో కుమారుడు వచ్చాడు. వెలుపల గోడ తడిసి నల్లబడింది. లోపల చేయి ఆనిస్తే పొడిగా ఉంది. వాన వెలిసి ఎండ కాశాక ఆ నలుపూ పోయింది.

ఇల్లు పడగొట్టే మాట అతడు మళ్ళీ ఎత్తలేదు. బయలుదేరుతూ ఒక్కటే అడిగాడు:

"సంక్రాంతికి వెల్ల వేయడానికి సున్నం ఎంత కావాలి, నాన్నగారూ?"