ముందు ఎర్తు చూడు

మా తాత కపిల బాన కుట్టేవాడు. ఎద్దులు బావిలోంచి నీళ్లు తోడే ఆ తోలు సంచీ, దాని కింది తోలు తొండం మా ఇంట్లో తయారైనవే. బాన కారుతుంటే రైతు కబురు పెట్టేవాడు. తాత దాని నిండా నీళ్లు పోసి, కొయ్యకు తగిలించి, చుట్టూ తిరిగి చేత్తో తడిమేవాడంట. తడి కనబడిన చోటల్లా కుట్టు విప్పేవాడు కాదు. చిల్లు ఒక చోట ఉంటుంది, నీళ్లు జారి కింద ఇంకో చోట కనబడతాయి. ఆ చిల్లు పట్టుకునేదే ఆయన చదువు. ఆ చదువుతో ఊరి మడులన్నీ తడిసినాయి గాని, ఆ బావిలో చేద వేసే హక్కు మా వాళ్లకు రాలేదు. మేం కుట్టిన తోలు బావిలో మునగొచ్చు, మేం ముట్టుకున్న చేద మునగకూడదు. కరెంటు మోటార్లు వచ్చినంక బాన పోయింది, దాంతో పాటు ఆ చదువూ పోయింది. మా నాయనకు మిగిలింది హిందూపురం మార్కెట్లో మిరపకాయ బస్తాలు, చింతపండు బుట్టలు మోసే హమాలీ పని.

మా అన్న ఆటో ఎలక్ట్రీషియన్. నేను ధర్మవరం దగ్గర జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్సు అయ్యవారిని. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. సభల్లో నన్ను అట్లనే పరిచయం చేస్తారు. ఆ డిగ్రీ ఫీజు ఎన్ని డైనమోలు విప్పితే వచ్చిందో ఎవరూ అడగరు. అందుకే ఈ నాలుగు మాటలు నా గురించి కాకుండా ఆ పని గురించి రాస్తున్నాను.

అన్న ఆరో తరగతిలో బడి మానేసినాడు. అది 1996. నాయన నడుం పట్టేసి మూడు నెలలు మంచాన పడితే, హిందూపురంలో లారీలు కడిగే వాటర్ సర్వీసులో చేరినాడు. మీరెప్పుడైనా లారీ షెడ్ల దగ్గర నిలబడి చూసినారో లేదో, అక్కడ కూడా ఊరు వేరు, వాడ వేరు. లారీ కింద పడుకొని బురద గీకేది, గ్రీజు కొట్టేది, టైరు విప్పేది మా పిల్లోళ్లు. వాళ్లకు పైన టింకరు, పెయింటరు. ఆ పైన ఇంజను మేస్త్రి. అందరికీ పైన ఎలక్ట్రీషియన్. జేబులో స్క్రూడ్రైవరు, చేతిలో టెస్టు బల్బు, బట్టలకు మసి అంటదు. మసి పని మా వాళ్లకు అడక్కుండానే ఇచ్చేవాళ్లు. టెస్టు బల్బు అడిగినా ఇచ్చేవాళ్లు కాదు.

అన్న చేతికి దాన్ని ఇచ్చింది పక్క షెడ్డు సాయిబు. అందరూ ఉస్తాద్ అనేవాళ్లు. ఆయన డైనమో విప్పుతుంటే బురద చేతులతో వచ్చి నిలబడి చూసే పిల్లోణ్ణి నాలుగైదు రోజులు గమనించి, ఒకరోజు అడిగినాడంట.

"రంగులు తెలుసా బేటా?"

"తెలుసు సాబ్."

"అంకెలు?"

"తెలుసు సాబ్."

"చాలు. చేతులు కడుక్కోని రా."

కులం అడగలేదు. అడిగే పని కూడా లేదు, మార్కెట్లో మా నాయన ఎవరో ఆయనకు తెలుసు. తెలిసే ఇచ్చినాడు. ఆయన తాగిన గ్లాసులోనే అన్నకు టీ పోసినాడు. అప్పటికి మా ఊరి టీ అంగట్లో మా గ్లాసులు చూరులో దోపి ఉండేవి. అట్లని ఉస్తాద్ దేవుడేం కాదు. స్పానరుతో వేళ్ల కణుపుల మీద కొట్టేవాడు. మూడేళ్లు జీతం ఇవ్వలేదు. మధ్యాహ్నం అన్నం, పండక్కి ఒక జత బట్టలు, అంతే. కానీ తనకు తెలిసింది దాచుకోలేదు.

నేను ఏడో తరగతి నుంచి ఎండాకాలం సెలవులన్నీ ఆ షెడ్లోనే ఉన్నాను. టెస్టు బల్బు పెద్ద యంత్రమేం కాదు. చిన్న బల్బు, రెండు తీగలు, ఒక కొసన క్లిప్పు, ఇంకో కొసన సూది. క్లిప్పును ఇనుప బాడీకి పెట్టి, సూదితో వైరు గుచ్చితే కరెంటు అక్కడిదాకా వచ్చిందో లేదో చెప్తుంది. బండిలో బల్బుకు పోయే తీగ ఒకటే. తిరిగొచ్చే దారి బండి బాడీయే. బ్యాటరీ మైనసును దానికి కట్టేసి ఉంటారు. ఆ తిరుగుదారినే ఎర్తు అంటారు. కొత్తగా పని నేర్చేవాడు పోయే తీగనే పట్టుకొని వెతుకుతాడు. ఉస్తాద్ మాత్రం, "పహలే ఎర్త్ దేఖో. ముందు ఎర్తు చూడు" అనేవాడు.

ఒకసారి చింతపండు లోడు లారీ వచ్చింది. బ్రేకు తొక్కితే ఒక పక్క బ్రేకు లైటు సరిగా వెలగదు. దాని పక్కనుండే లైట్లన్నీ మసగ్గా మినుకుతాయి. డ్రైవరు అప్పటికే రెండు చోట్ల చూపించి ఒక స్విచ్చి, ఒక ఫ్లాషరు మార్పించుకొని వచ్చినాడు. ఉస్తాద్ నులక మంచం మీంచి లేవలేదు. "లైటు వెనక బోల్టు విప్పి గీకు" అన్నాడు అన్నతో. బోల్టు కింద పెయింటు, దాని కింద తుప్పు. ఎమిరీ కాగితంతో తెల్లగా గీకి బిగిస్తే అన్నీ సరైపోయినాయి. బ్రేకు బల్బులోకి పోయిన కరెంటుకు తిరిగొచ్చే దారి తెగిపోతే, అది ఊరికే నిలబడదు. పక్క బల్బులోంచి దూరి, ఎదురు తీగ పట్టుకొని, అవతలి వైపు లైటు ఎర్తులోకి పోతుంది. మధ్యలో ఇన్ని బల్బులు దాటాల్సొచ్చి దేనికీ బలం చాలదు. ఇది అన్న నాకు బొగ్గు ముక్కతో గోడ మీద గీసి చెప్పినాడు. ఆరో తరగతి తప్పినోడు చెప్పిన ఆ పాఠం అంత సులువుగా నాకు మళ్లీ ఏ కాలేజీలోనూ ఎవరూ చెప్పలేదు.

డిగ్రీలో ఓము సూత్రం లెక్కలు వందలకొద్దీ చేసినాను. జీపు సెల్ఫ్ కొట్టినప్పుడు 200 ఆంపియర్లు లాగుతుందనుకోండి. బ్యాటరీ టర్మినలు మీద పూసిన తెల్లటి ఉప్పు 0.01 ఓము అడ్డం పడితే చాలు, 2 వోల్టులు అక్కడే తినేస్తుంది. బ్యాటరీ చూస్తే 12.6 వోల్టులు నిండుగా ఉంటుంది, సెల్ఫ్ మాత్రం మూలుగుతుంది. తెలియనోడు కొత్త బ్యాటరీ అమ్ముతాడు. తెలిసినోడు సెల్ఫ్ కొట్టిస్తూ టర్మినలుకూ బ్యాటరీ గుబ్బకూ మధ్య మీటరు పెడతాడు. పదో తరగతి పిల్లలకు నేను ఈ లెక్కే చెప్తాను. మా బళ్లో మగ్గం కూలీల పిల్లలు, ఆటో డ్రైవర్ల పిల్లలు ఎక్కువ. ఆటోవాళ్ల పిల్లలు ఆ రోజు ఇంటికి పోయి నాన్న బండి టర్మినలు చూసొస్తారు.

పని తెలిస్తే కులం పోతుందని ఎవరన్నా అంటే నాకు నవ్వొస్తుంది. 2009లో మా ఊరి ఆసామి కారుకు హారను, వైపరు పని చెయ్యలేదు. అన్నకు కబురొచ్చింది. నేనూ పోయినాను. అన్న డోరు తియ్యంగానే ఆ ఇంటి పిల్లోడు గోనెపట్ట తెచ్చి సీటు మీద పరిచినాడు, మరకలవుతాయని. సరే, మరకలే అనుకుందాం. అంతకు ముందే టింకరు పని చేసే వేరే కులం ఆయన రంగు చేతులతో అదే సీట్లో కూచోని డోరు సరిచేసినాడు, గోనెపట్ట లేదు. అన్న ఏమీ అనలేదు. డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి, కాలిపోయిన ఫ్యూజు, అది ఎందుకు కాలిందో ఆ ఒరుసుకుపోయిన తీగ, రెండూ పట్టుకొని టేపు చుట్టినాడు. 300 అడిగితే, "మనూరోడివి కదరా" అని 100 చేతిలో పైనుంచి వేసినాడు ఆసామి. దారిలో అన్నాడు అన్న:

"సీటుకు పట్ట పరిచినారు సరే. స్టీరింగు నేనే పట్టుకుంటి, గేరూ నేనే పట్టుకుంటి. వాటికేం పరుస్తారప్పా?"

2012లో అన్న పెనుకొండకు పోయి హైవే పక్కన సొంత అంగడి పెట్టుకున్నాడు. 1565లో తళ్లికోట యుద్ధం ఓడినంక విజయనగర రాజులు రాజధాని మార్చుకున్న ఊరు అది. అన్న మార్చుకున్నదీ అట్లాంటి ఓటమి తర్వాతే అనిపిస్తుంది నాకు. ఊళ్లో పని చేస్తే పేరుతో పాటు కులం కూడా పిలుస్తుంది, హైవే మీద ఆగిన లారీకి అన్న ఎవరో తెలియదు.

2017లో కియా కంపెనీ ఒప్పందం, 2019లో ఎర్రమంచి దగ్గర ఫ్యాక్టరీలోంచి మొదటి కార్లు. ఆ రోడ్డు మొహమే మారిపోయింది. ఐటిఐ చదివిన వాడ పిల్లోళ్లు బయోడేటా కాగితాలు పట్టుకొని అటు తిరిగినారు. ఆ మరుసటేడు, 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బండ్లే అమ్మాలన్నారు. అప్పటిదాకా కార్లకే ఉండే సెన్సార్లు, కంప్యూటరు పెట్టె మామూలు మోటారు సైకిళ్లలోకీ వచ్చేసినాయి. టెస్టు బల్బు అన్ని చోట్లా పనికిరాదు. సెన్సారు తీగల్లో ఉండేది 5 వోల్టులే, బల్బు లాగే కరెంటుకు కంప్యూటరే కాలిపోవచ్చు. 24 ఏండ్ల పని ఒక్క చట్టంతో పాతదైపోయిందని అన్న వారం రోజులు సరిగా అన్నం తినలేదు.

స్టీరింగు కింద 16 కాళ్ల సాకెట్టు ఉంటుంది. దానికి స్కానరు తగిలిస్తే బండి తన నొప్పి తానే కోడు రూపంలో చెప్తుంది. మంచి స్కానరు ఒక నెల నా జీతం దాటింది. కొన్నాము. కొన్నా కొన్ని తలుపులు తెరుచుకోవు, వాటి తాళం కంపెనీ దగ్గరే. ఇది మా ఒక్కరి గోడు కాదు. విడిభాగాలూ పరీక్ష పరికరాలూ బయటి మెకానిక్కులకు అందనివ్వడం లేదని 2014 ఆగస్టులో పోటీ కమిషన్ 14 కార్ల కంపెనీలకు సుమారు 2,545 కోట్ల రూపాయల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు పోయినాయి. 2022లో కేంద్రం "రిపేరు హక్కు" అని ఒక వెబ్ పోర్టల్ పెట్టింది. చదువు దాచిపెట్టడం మాకు కొత్త కాదు, కానీ తోలు పనోళ్లు కాని వాళ్లకు కూడా అది ఎట్లుంటుందో ఇప్పుడు తెలుస్తోంది.

ఇంక కోడ్లు. అన్నీ ఇంగ్లీషే. అందుకని ప్రతి ఆదివారం ధర్మవరం జంక్షన్లో రైలెక్కి పెనుకొండలో దిగుతాను. అన్న అడుగుతాడు, నేను తెలుగులో నోటుపుస్తకంలో రాస్తాను. పీ అంటే ఇంజను, గేరు. సీ అంటే చాసిస్. బీ అంటే బాడీ. యూ అంటే కంప్యూటర్ల మధ్య మాట. పీ0335, క్రాంకు సెన్సారు. పీ0562, వోల్టేజి తక్కువ.

మొన్న మే నెలలో ఒక కారు వచ్చింది. పీ0113. ఇంజనులోకి పోయే గాలి వేడి చూసే సెన్సారని ముందుచోట ఒకాయన కొత్తది వేసినాడు. లైటు పోలేదు. అన్న స్కానరులో గాలి వేడి ఎంతుందో చూసి నన్ను పిలిచినాడు.

"అయ్యోరా, మైనస్ 40 అంటాదే, ఏమిదీ?"

"మంచుకొండల మీద కూడా అంత చలి అరుదన్నా."

బయట ఎండకు డాంబరు రోడ్డు కరుగుతోంది. ఆ సెన్సారుకు వేడి పెరిగితే అడ్డం తగ్గుతుంది, చలికి పెరుగుతుంది అని చెప్పినాను. అన్న ఒక్క నిమిషం ఆలోచించినాడు. "అంటే అడ్డం అంతులేకుండా ఉందని దాని లెక్క. మరి సెన్సారేం చేస్తాది, తీగ తెగింటాది" అన్నాడు. కప్లరు నుంచి వెనక్కు తడుముకుంటూ పోతే, బ్యాటరీ కింద ఎలుక కొరికిన వైరు దొరికింది. నేను చెప్పింది ఒక వాక్యం. మిగతాదంతా ఆయనదే.

ఇప్పుడు ఆ నోటుపుస్తకం జిరాక్సులు హిందూపురంలో ఉస్తాద్ కొడుకు దగ్గర ఒకటి, ధర్మవరంలో ఇద్దరు ఆటో మెకానిక్కుల దగ్గర రెండు ఉన్నాయి. అన్న చేతిలో మాత్రం ఒక్క సర్టిఫికెట్టు లేదు. ఐటిఐలో ఇప్పుడు ఆటో ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ అని వేరే ట్రేడే ఉంది. దానికి తను పోతానంటుంది అన్న కూతురు, తొమ్మిదో తరగతి. ఆడపిల్లకు షెడ్డేమిటని వదిన గొణుగుతుంది. అన్న ఔననడు, కాదనడు, మీటరు మాత్రం పిల్ల చేతికిస్తాడు.

పోయిన ఆదివారం వచ్చిన కారుకు అన్నీ యూ కోడ్లే. ఒక కంప్యూటరు మాట ఇంకోదానికి అందడం లేదు. ఆ మాట నడిచే రెండు తీగలకు రెండు కొసల్లోనూ 120 ఓముల రెసిస్టర్లుంటాయి. బ్యాటరీ విప్పి, 16 కాళ్ల సాకెట్టులో 6, 14 కాళ్ల మధ్య కొలిస్తే 60 రావాల. పాప కొలిచింది.

"120 చూపిస్తాంది చిన్నాయనా."

"అంటే?"

"ఒక కొస కలవలేదు." ఆమె మీటరు పక్కన పెట్టి బానెట్ కిందికి వంగింది. "నాయనా, ఏ కొస నుంచి చూద్దాం?"

"ఎర్తు చూసినావా?" అన్నాడు అన్న లోపల్నుంచి.