సోమవారం గాలం లెక్క



ఏడాది చివర మన సంఘం లెక్కలు చదివి వినిపించడం ఆనవాయితీ. కానుకలు ఎంత వచ్చాయి, మందిరం కప్పు బాగుకి ఎంతయింది, క్రిస్మస్ భోజనాలకి ఎంత ఖర్చు అయింది, అన్నీ కోశాధికారి గారు చదువుతారు. ఆ పుస్తకంలో ఎక్కని లెక్క ఒకటి నా దగ్గర ఉంది. ఈ సంవత్సరమంతా సోమవారం సాయంత్రాలు నేను గాలం పట్టుకుని ఏటిగట్టున కూర్చున్న సంగతి మీకు తెలుసు. "అయ్యగారికి ఇవాళ ఏం పడ్డాయండి?" అని మన వాట్సాప్ గ్రూపులో అడగని సోమవారం లేదు. అందరికీ ఒక్కసారే జవాబు చెబుతున్నాను.

52 సోమవారాల్లో 38 వెళ్ళాను. మిగతావి వరద రోజులు, భూస్థాపనలు, పెళ్ళిళ్ళు. వెళ్ళిన 38లో 24 రోజులు వట్టి చేతులతోనే ఇంటికొచ్చాను. 14 రోజుల్లో మొత్తం 17 పండుగప్పలు పడ్డాయి. వాటిలో 9 మరీ పిల్లలు, వదిలేశాను. 6 ఇంటికి వచ్చాయి. అమ్మగారు పులుసు పెట్టారు, మీలో కొందరు తిన్నారు కూడా. మిగిలిన 2 పెద్దవి, వాటినీ వదిలేశాను. పెద్దవాటిని ఎందుకు వదిలానని అడిగినవాళ్ళకి ఈ రాతలోనే కింద జవాబు ఉంది.

ఈ కర్ర, రీలు టెక్సాస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న మన సంఘపు కుర్రాడు సెలవులకి వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చాడు. డాక్టరు గారు నన్ను వారానికి ఒక పూటయినా ఫోను పక్కన పెట్టమన్నారని విని తెచ్చాడు. అక్కడ మంచినీటి సరస్సుల్లో బాస్ అనే చేపని సరదాకి పడతారు. తూచి, ఫొటో తీసుకుని, మళ్ళీ నీళ్ళలో వదిలేసేవాళ్ళు చాలామంది. మన పండుగప్పని కూడా ఇంగ్లీషులో సీ బాస్ అంటారు. పేరు కలిసింది గానీ ఆ బాస్, ఈ బాస్ ఒక కుటుంబం చేపలు కావు. గుణం మాత్రం కలుస్తుంది. రెండూ నోరు పెద్దవి. రెండూ నీడన పొంచి ఉండి, పక్కనుంచి పోయేదాన్ని ఒక్క గుటకలో లాగేస్తాయి.

ఆ బాస్ పట్టేవాళ్ళలో జార్జ్ పెర్రీ అనే పేరు తెలియనివాళ్ళు తక్కువ. 1932 జూన్ 2న జార్జియా రాష్ట్రంలో ఆయన పట్టిన చేప 22 పౌండ్ల 4 ఔన్సులు తూగింది. మన లెక్కలో 10 కిలోల పైమాట. 2009లో జపాన్‌లోని బీవా సరస్సులో ఒకాయన దానికి సమానమైన చేప పట్టేదాకా, 77 ఏళ్ళు ఆ రికార్డుని ఎవరూ అందుకోలేదు. అమెరికాలో పనులు దొరకని, చేతిలో డబ్బు ఆడని రోజులవి. పెర్రీ ఆ చేపని తూయించుకుని ఇంటికి తీసుకెళ్ళాడు. ఇంటిల్లిపాదీ వండుకు తిన్నారు. సరదాకి పట్టేవాళ్ళందరూ తలుచుకునే ఆ చేప ఒక పేద ఇంట్లో కూరైంది. అందుకే సరదాకి పట్టడం గొప్ప, పూటకి పట్టడం తక్కువ అనే మాట నాకు రుచించదు.

ఈ విషయంలో నాకు గురువు మన రేవులో పడవ ఉన్న ఒక పెద్దాయన. మన మందిరానికి వచ్చే మనిషి కాదు. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవలు సముద్రంలో వేటకి వెళ్ళకూడదు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం పెట్టిన నిషేధం అది. ఆ రోజుల్లో ఆయన గట్టు మీద కూర్చుని వలలు బాగుచేసుకుంటాడు. నా అవస్థ చూసి ఒకరోజు పిలిచాడు. "అయ్యగారండి, మాకిది పని, మీకిది విశ్రాంతి. రెండిట్లోనూ తప్పేం లేదండి. మా వలలున్న చోట మాత్రం గాలం వెయ్యకండి" అన్నాడు. "అలాగే బాబాయ్ గారూ" అన్నాను. ఆ మాట ఏడాది పొడుగునా నిలబెట్టుకున్నాను. ఎర రొయ్యలు కూడా ఆయన దగ్గరే కొన్నాను. పడ్డ చేపని ఒక్కదాన్నీ అమ్మలేదు.

నీటిని చూడటం నేర్పింది కూడా ఆయనే. మన వైనతేయ ఓడలరేవు దగ్గర సముద్రంలో కలుస్తుంది కాబట్టి సముద్రం పోటు మన రేవు దాకా ఎక్కి వస్తుంది. రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. పోటు వేళ రోజుకి సుమారు 50 నిమిషాలు వెనక్కి జరుగుతుంది. ఏడు రోజులకి అది దాదాపు ఆరు గంటలవుతుంది. అంటే ఈ సోమవారం నాలుగింటికి ఏరు నిండుగా ఉంటే, వచ్చే సోమవారం అదే నాలుగింటికి నీరు తీసేసి బురద కనిపిస్తుంది. పండుగప్ప వంతెన స్తంభాల దగ్గర, మడ చెట్ల వేళ్ళ దగ్గర, నీటికి ఎదురుగా మొహం పెట్టి నిలబడుతుంది. ఆటు మొదలై పిల్ల కాలువల్లోంచి రొయ్యలు, చిన్న చేపలు ఏట్లోకి కొట్టుకొస్తుంటే అప్పుడు నోరు తెరుస్తుంది. నీరు నిలిచిపోయి ఉన్న వేళ ఎంత మంచి ఎర వేసినా దానికి పట్టదు. సోమవారం నాకు ఖాళీ కావచ్చు. ఏటికి సోమవారం అంటూ లేదు.

ఇక నేను అసలు చెప్పాలనుకున్న సంగతి. దీన్ని ఆయనకి చదివి వినిపించి, సరే అన్నాకే మీ ముందు పెడుతున్నాను. పేరు రాయను. మీకు రాయనక్కర్లేదు కూడా.

ముప్పై ఏళ్ళు మన మందిరం గంట కొట్టిన మనిషి. క్రితం ఏడాది నవంబరులో ఆయన భార్యని భూస్థాపన చేశాం. ఆ తర్వాత ఆయన మందిరంలో అడుగు పెట్టలేదు. సంఘ పెద్దలు వెళ్ళారు, స్త్రీల సమాజం వారు వెళ్ళి ప్రార్థన చేసి వచ్చారు, నేనూ వెళ్ళాను. ఎవరు వెళ్ళినా కుర్చీ వేశారు, టీ ఇచ్చారు, "వస్తానండి" అన్నారు. ఆదివారం మాత్రం రాలేదు.

మార్చిలో ఒక సోమవారం ఆయనే గట్టు దిగి వచ్చి, నాకు నాలుగడుగుల దూరంలో తువ్వాలు పరుచుకుని కూర్చున్నారు. చీకటి పడేదాకా ఉండి, లేచి వెళ్ళిపోయారు. తర్వాతి సోమవారమూ అంతే. ఏటిగట్టున పక్కపక్కన కూర్చున్న ఇద్దరికి ఒక సౌకర్యం ఉంది. ఇద్దరూ నీళ్ళకేసి చూడొచ్చు, ఒకరి మొహం ఒకరు చూడక్కర్లేదు. ఇంట్లో ఎదురెదురు కుర్చీల్లో మాట్లాడకుండా పది నిమిషాలు కూర్చోవడం కష్టం. గట్టు మీద రెండు గంటలు గడిచినా ఎవరికీ ఇబ్బంది ఉండదు.

మే నెలలో ఆయన నాతో మొదటి మాట మాట్లాడారు. "ఆ రొయ్య బతికిలేదండి అయ్యగారు, మార్చండి." అంతే. మార్చాను. ఆ రోజు చేపేమీ పడలేదు. అయినా ఆ వట్టి రోజుని నేను వట్టి రోజుగా లెక్క వెయ్యలేను.

జూలై, ఆగస్టుల్లో ఎర్రనీరు వచ్చి ఏరు లంకల మీదికి ఎక్కింది. గాలం మూల పెట్టాను. వరద తీశాక, సెప్టెంబరులో, ఒక సాయంత్రం ఆటు మొదలైన కాసేపటికి వంతెన స్తంభం పక్కన నీళ్ళు టప్పున పేలాయి. రీలు అరిచింది. పండుగప్ప గాలం తగలగానే నీళ్ళలోంచి పైకి లేచి తల విదిలిస్తుంది. దారం వదులైతే ముల్లు ఊడిపోతుంది, బిగిస్తే దారం తెగుతుంది. పావుగంటకి గాని ఒడ్డుకి రాలేదు. ఆయన మోకాళ్ళ లోతు నీళ్ళలోకి దిగి చేతివల పెట్టారు. దాని మొప్పల అంచు కత్తిలా ఉంటుంది, చెయ్యి కోసుకుపోతుందని తువ్వాలు చుట్టుకున్నారు. ఆరు కిలోలకి తగ్గదు.

పండుగప్ప సంగతి ఒకటి అంతకుముందే ఆయనకి చెప్పి ఉన్నాను. ఇది మగ చేపగానే ఎదుగుతుంది. కొన్నేళ్ళు గడిచి బాగా పెరిగాక ఆడ చేపగా మారుతుంది. గుడ్లు పెట్టడానికి ఉప్పునీటికి, నది సముద్రంలో కలిసే చోటికి దిగిపోతుంది. పిల్లలు మళ్ళీ మడ అడవుల్లోకి, ఏటి పాయల్లోకి ఎక్కి వస్తాయి. చెన్నైలోని సీబా పరిశోధన సంస్థ 1997లో దీనికి హేచరీలో గుడ్లు పెట్టించిందని, ఆ దారిలోనే చెరువుల రైతులకి పిల్లలు దొరకడం మొదలైందని కూడా చెప్పాను. ఏట్లో ఉన్నవాటికి మాత్రం ఈ పెద్ద ఆడ చేపలే దిక్కు. ఒక్కొక్కటి లక్షల్లో గుడ్లు పెడుతుంది.

ఆయన వలలో ఉన్న చేపని కాసేపు చూశారు. "ఇంత ఉందంటే ఆడదేనండి. వదిలేద్దామండి" అన్నారు. తడి చేతులతో పట్టుకుని, నీటికి ఎదురుగా దాని మొహం తిప్పి, అది తోక ఆడించి తనంతట తాను వెళ్ళేదాకా ఆగారు. తర్వాత నీళ్ళలోనే నిలబడి, నా వైపు తిరగకుండా, పది నెలలుగా ఎవరికీ చెప్పని మాట చెప్పారు. "గంట కొట్టి లోపలికొచ్చేసరికి ఆవిడ గుమ్మం పక్కన చాప వేసుకుని కూర్చుని ఉండేదండి. ఇప్పుడు ఆ చోట ఇంకెవరో ఉంటారు కదండి. చూళ్ళేనండి."

నేనేమీ అనలేదు. ఇద్దరం ఫ్లాస్కులో మిగిలిన టీ తాగి ఇంటికి వెళ్ళాం.

ఆ రాత్రి యోహాను సువార్త చివరి అధ్యాయం తీశాను. రాత్రంతా శ్రమపడి ఏమీ పట్టని శిష్యులు తెల్లవారి ఒడ్డుకి వచ్చేసరికి ప్రభువు నిప్పులు రాజేసి, చేపలు, రొట్టె సిద్ధం చేసి ఉన్నాడు. అక్కడ పేతురు ఉన్నాడు. ఆయన్ని ఎరగనని మూడుసార్లు చెప్పిన మనిషి. ప్రభువు అతణ్ణి అడగవలసింది ఉంది, అడిగాడు కూడా. కానీ ముందు భోజనానికి పిలిచాడు. వాళ్ళు తిన్నాక అడిగాడు. ఆ వరస ఎన్నిసార్లు చదివానో, మీకు ఎన్నిసార్లు ప్రసంగించానో. ఈ ఏడాది దాన్ని గట్టు మీద కూర్చుని చదువుకున్నట్టు అనిపించింది.

ఆయన ఇంకా మందిరానికి రాలేదు. క్రిస్మస్‌కీ రాలేదు. ఇది చివర్లో అంతా చక్కబడిన సాక్ష్యం కాదు. కానీ డిసెంబరు రెండో సోమవారం నాతో ఇలా అన్నారు. "గంట తాడు అంత గట్టిగా లాగొద్దని పిల్లలకి చెప్పండి అయ్యగారు. తెగిపోద్దండి. రెండు దెబ్బల మధ్య ఆగాలండి." దాన్ని బట్టి ఆదివారం పొద్దున్న ఆయన ఇంటి దగ్గర ఏం చేస్తుంటారో నాకు అర్థమైంది. గంట కొట్టే మన యవ్వనస్థులారా, ఆ మాట వినండి, అలాగే కొట్టండి.

సంఘానికి నా మనవి ఒక్కటే. దారిలో ఆయన కనపడితే "మందిరానికి ఎందుకు రావట్లేదండి?" అని అడగొద్దు. కొబ్బరికాయ ధర అడగండి, దాళ్వా నాట్ల సంగతి మాట్లాడండి, మనవరాలు ఏం చదువుతోందో అడగండి. ఆ గుమ్మం పక్క చోటుని ఖాళీగా ఉంచమని నేను చెప్పను. అలా ఉంచితే ఆయనకి ఇంకా బరువవుతుంది. ఎప్పటిలాగే కూర్చోండి. ఆయన వచ్చిన రోజు ఎవరూ వెనక్కి తిరిగి చూడొద్దు, మైకులో ఎవరూ పేరు పిలవొద్దు. నేనూ పిలవను.

మీ ఇంటి పక్కన కూడా ఇలాంటివారు ఒకరు ఉండే ఉంటారు. వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి గాలం అక్కర్లేదు. ఒక సాయంత్రం, పక్కన ఓ చోటు, ఏమీ అడగని ఓ మనిషి చాలు. 38 సాయంత్రాల్లో 24 నాకు వట్టివే. 24 వట్టి సాయంత్రాలు కూర్చోవడానికి మనలో ఎంతమందిమి సిద్ధమో ప్రార్థనలో ఆలోచించుకుందాం.

సంక్రాంతి వెళ్ళాక మళ్ళీ సోమవారాలు మొదలుపెడతాను. రాదలుచుకున్నవాళ్ళు రావచ్చు. ఫ్లాస్కు పెద్దది కొన్నాం.

మన పక్కన నడిచే ప్రభువు ఈ కొత్త సంవత్సరంలో మీ ఇళ్ళని, మీ పనులని, మీ కన్నీళ్ళని కాపాడును గాక. ఆమెన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి