ఒక ‘లేదా’ బరువు

మదనపల్లె చుట్టుపక్కల ఫారెస్టు సెక్షన్ ఆఫీసరుగా పనిచేసినన్నాళ్ళూ తొలకరి పడిందంటే మాకు కంటిమీద కునుకుండేది కాదు. చిట్టడవులు పచ్చబడగానే నక్షత్ర తాబేళ్ళు పొదల్లోంచి మేతకొస్తాయి. వాటి వెనకే గోనెసంచులూ వస్తాయి.

ఒక రాత్రి బస్సులో దొరికిన సంచిని ఆఫీసు గచ్చు మీద విప్పాం. పాత మేజోళ్ళలో ఒక్కొక్కటిగా చుట్టి, కాళ్ళు కదలకుండా టేపు వేసిన పిల్ల తాబేళ్ళు, అరచేతిలో ఇమిడేంత. నల్లటి డిప్ప మీద ప్రతి గడిలోనూ నడిమి నుంచి పసుపు గీతలు, ముగ్గు పెట్టినట్టు. ఆ అందమే వాటికి శాపం. టేపు ఊడదీసి, పళ్ళెంలో కాసిని నీళ్ళు పోసి దించాం. మెడలు చాచి చాలాసేపు తాగాయి.

పంచనామా రాసి కేసు కట్టాం. కొన్నాళ్ళకు ఆ మనుషులే మళ్ళీ దొరికారు.

కారణం చట్టంలోనే ఉంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఈ తాబేలును చాలాకాలం నాలుగో షెడ్యూలులో ఉంచారు. శిక్ష మూడేళ్ళ దాకా జైలు, లేదా 25 వేల దాకా జరిమానా, లేదా రెండూ. ఆ ‘లేదా’ సందులోంచే వాళ్ళు డబ్బు కట్టి బయటపడేవారు. అదే ఒకటో షెడ్యూలులోని పులి అయితే మూడేళ్ళకు తక్కువ కాకుండా జైలు తప్పదు.

అంతర్జాతీయ రెడ్ లిస్టు ఈ తాబేలు ముప్పులో ఉందని చెబుతుంది గానీ, ఎవరినీ జైల్లో పెట్టలేదు. దేశాల మధ్య వ్యాపారాన్ని అదుపుచేసే సైటిస్ ఒప్పందం 2019లో దీన్ని మొదటి అనుబంధంలోకి మార్చింది. మన పార్లమెంటు 2022లో చట్టాన్ని సవరించి ఒకటో షెడ్యూలులో చేర్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి మూడేళ్ళకు తగ్గని జైలు, 25 వేలకు తగ్గని జరిమానా. ఆ ‘లేదా’ పోయింది.

అయితే చట్టం చేరని చోటు ఒకటుంది, ఇల్లు. ఒక పల్లెలో పెద్దమ్మ తొట్టి పక్కన ఒక తాబేలును పెంచుతోంది. “బిడ్డ మాదిరి సాకుతా ఉండాం సార్. ఇది పోతే ఇంట్లో లచ్చిమి పోతాది,” అని కన్నీళ్ళు పెట్టుకుంది. “పెద్దమ్మా, ఇది అడవి బిడ్డ. దాని లక్ష్మి అక్కడే ఉంది,” అన్నాను. చివరికి తనే గంపలో పెట్టి ఇచ్చింది.

పట్టుకున్న వాటిని వదలడమూ తేలిక కాదు. దక్షిణాది తాబేళ్ళకూ వాయవ్య భారతపు వాటికీ జన్యువుల్లోనే తేడా ఉందని పరిశోధకులు తేల్చారు. ఎక్కడివో తెలియనివాటిని కనిపించిన గుట్టలో వదిలితే రెండు వంశాలూ కలగాపులగమవుతాయి. పుట్టిన పొద నుంచి ఒకసారి ఎత్తిన తాబేలుకు ఇంటిదారి దాదాపు మూసుకుపోయినట్టే.

అందుకే చదివేవారికి నా మనవి. అదృష్టం కోసం తాబేలును కొనకండి. ఇంట్లో ఉంటే దగ్గరి అటవీ కార్యాలయంలో అప్పగించండి. వానాకాలంలో రోడ్డు దాటుతూ కనిపిస్తే బండి ఆపి, అది ఏ వైపు పోతోందో ఆ వైపుకే దాటించండి. ఇంటికి మాత్రం తేకండి.