మేము చదువని పీఠిక

మొన్న యాదివారమున ఆబిడ్సు కాలిబాటపై పఱచిన పాతపుస్తకములలో ‘మంకీ’ మరల మా కంటబడెను. ‘పశ్చిమయాత్ర’ యను చీనా నవలకు ఆర్థరు వేలీ 1942లో ప్రకటించిన యాంగ్లానువాదమిది. విద్యార్థిదశలో దీనిని చదివి, నవల యంతయు చదివితిమని పలువురతో చెప్పుకొంటిమి. ఇప్పుడు కొని, నాంపల్లి స్టేషను బల్లపై గూర్చుండి, ఈమాఱు పీఠిక చూచితిమి. పెక్కు ఘట్టములను, పద్యములలో నధికభాగమును విడిచితినని వేలీయే చెప్పియున్నాడు! 100 అధ్యాయములలో మేమెఱిగినవి 30 మాత్రమే.

ఆ కథలోని భిక్షువునకు మూలపురుషుడైన హ్యూయన్‌త్సాంగు 7వ శతాబ్దమున మన ధాన్యకటకమునకు వచ్చినవాడు. ఇంటికి వచ్చిన యతిథి కథను సగమైనను వినకపోతిమి! ఆంటొనీ యూ నాలుగు సంపుటములలో (1977–83) వెలువరించిన పూర్ణానువాదమే మాకిక వలయును. పిల్లలను నవ్వించుటకు వేలీ చాలును. కాని, పాఠకులారా, ఏ యనువాదమునైనను పీఠికతో మొదలుపెట్టుడు.